బల్లపరుపు ఇంజను: ఒక యంత్రవంశపు జమాఖర్చులు

మన ప్రాంతమున నూతిగట్టుపై నీరు తోడు ఆయిలు ఇంజనును ఎరుగని రైతు లేడు. దాని కూతను బట్టియే అది సుఖముగా నున్నదో, నొప్పిపడుచున్నదో చెప్పగలవారు మనలో కలరు. ఐనను, అట్టి యంత్రములకు గూడ రాజులకు వలెనే వంశములు గలవనియు, ఆ వంశములకు పుట్టుక, పెంపు, కీర్తి, కళంకము, తుది యను ఐదవస్థలు కలవనియు తలపోయువారు అరుదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యనిర్వాహకులు కోరగా, రాజవంశమును విడిచి నేనొక యంత్రవంశమును ఎన్నుకొంటిని. జర్మనీ దేశమున పుట్టి, ఫోక్స్‌వాగన్ అను పేర లోకమంతట తిరిగిన కారు యొక్క ఇంజను అది.

లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావున ఈ చరిత్రను గూడ జమ, ఖర్చు అను రెండు వైపుల నుండియు చూచెదను. ఒక పుటను చూపి రెండవ పుటను మడిచిపెట్టిన లెక్క లెక్క కాదు. ఈ ఇంజనును గూర్చి వ్రాయువారిలో కొందరు దాని నేర్పును మాత్రమే పొగడుదురు. మరికొందరు దాని పుట్టుకలోని పాపమును మాత్రమే తలతురు. రెండును కలిపి చూచినగాని నిజమైన నిలువ తేలదు.

యంత్ర స్వరూపము

సామాన్యముగా కారు ఇంజనులో నాలుగు సిలిండరులు ఒకే వరుసలో నిలువుగా నుండును. వాని చుట్టును నీరు పారి, వేడిని గ్రహించి, రేడియేటరులో చల్లారి మరల వచ్చును. మనము చెప్పుకొను ఇంజను అట్టిది కాదు. దానిలో రెండు సిలిండరులు కుడివైపునకును, రెండు ఎడమవైపునకును పరుండినట్లు అడ్డముగా నుండును. నడుమ క్రాంకుషాఫ్టు తిరుగుచుండును. ఎదురెదురుగా నున్న పిస్టనులు రెండును ఒక్కసారిగా వెలుపలికి పోవును, ఒక్కసారిగా లోనికి వచ్చును. చప్పట్లు కొట్టునపుడు రెండరచేతులును కదలు తీరు అదియే. ఒకదాని ఊపును ఎదుటిది సరిచేయుటచే అదురు తగ్గును. ఇంజను ఎత్తు తక్కువ గావున కారు వెనుకభాగమున ఇమిడిపోవును.

దీనిని చల్లార్చునది నీరు కాదు, గాలి. మోటారు సైకిలు సిలిండరు చుట్టు పలుచని లోహపు రెక్కలుండుట పాఠకులు చూచియే యుందురు. అట్టి రెక్కలే దీని సిలిండరులకును కలవు. కాని యీ ఇంజను కారు వెనుక మూత క్రింద దాగియుండుటచే ఎదురుగాలి దానికి తగులదు. అందుచేత బెల్టుతో తిరుగు పంకా యొకటి, రేకు తొడుగుగుండ గాలిని ఆ రెక్కలపైకి తరుముచుండును. నీరే లేదు గావున, మంచుదేశమున గడ్డకట్టునను భయము లేదు; ఎడారిలో మరిగి యావిరియగునను భయమును లేదు. ఇంజనులోని నూనె గూడ కొంత వేడిని మోయును. ఆ నూనెను చల్లార్చుటకు పంకా తొడుగులోనే ఒక చిన్న గూడు అమర్చిరి. ఈ గూటి కథ ముందు మరల వచ్చును.

సిలిండరులు పోతయినుముతో వేరువేరుగా పోసినవి. ఒకటి చెడినచో ఆ ఒక్కదానినే మార్చవచ్చును. క్రాంకుకేసు మెగ్నీషియము కలిసిన తేలిక లోహముతో చేసినది. ఇంజనును గేరుపెట్టెకు బిగించి యుంచునవి నాలుగే నాలుగు బోల్టులు. వానిని విప్పి, ఇంజనును క్రిందికి దింపి, బాగుచేసి మరల నెక్కించుట సామాన్య మెకానికునకు సాధ్యమైన పని. ఈ సులభత్వమే దాని కీర్తికి మొదటి కారణము.

వంశపు పూర్వులు

ఏ వంశమును ఒక్కనితో మొదలు కాదు. ఎదురెదురు పిస్టనుల ఇంజనును 19వ శతాబ్ది చివరనే జర్మనీలో కార్ల్ బెంజ్ నిర్మించెను. అది రెండు సిలిండరులది. పిదప చెకోస్లోవేకియాలో టాట్రా సంస్థ ఇంజనీరైన హాన్స్ లెడ్వింకా గాలితో చల్లారు బల్లపరుపు ఇంజనులకు పేరొందెను. 1923లో ఆయన చేసిన టాట్రా 11 అను కారులో అట్టి రెండు సిలిండరుల ఇంజను కలదు. 1936లో వచ్చిన టాట్రా 97లో నాలుగు సిలిండరుల బల్లపరుపు ఇంజను కారు వెనుకభాగమున నమర్పబడెను. జర్మనీలోనే యోసెఫ్ గాంజ్ అను యూదు ఇంజనీరు, సామాన్యునికి తగిన తేలిక కారు కావలెనని తన పత్రికలో ఎడతెగక వ్రాసి, నమూనాలను గూడ చేయించెను. నాజీలు అధికారమునకు వచ్చిన పిమ్మట ఆయన దేశము విడువవలసి వచ్చెను.

ఫెర్డినాండ్ పోర్షె అను ప్రసిద్ధ ఇంజనీరు స్టుట్‌గార్ట్ నగరమున సొంత కార్యాలయము పెట్టి, ఎన్.ఎస్.యు. అను సంస్థ కొరకు 1933-34 ప్రాంతమున ఒక చిన్నకారును రూపొందించెను. దాని ఇంజనును నాలుగు సిలిండరులది, బల్లపరుపుది, గాలితో చల్లారునది. ఆ కారు అమ్మకమునకు రాలేదు గాని, దాని ఆలోచన పోర్షె కార్యాలయమున నిలిచెను.

1934 జూన్ 22న ‘ప్రజల కారు’ను రూపొందించు ఒప్పందము పోర్షెకు లభించెను. ఫోక్స్‌వాగన్ అను మాటకు అర్థమే ప్రజల కారు. హిట్లరు కోరినది, వెల 1,000 మార్కులకు లోపు, వేగము గంటకు 100 కిలోమీటరులు. ఈ వెలకు నాలుగు సిలిండరుల ఇంజను సాధ్యము కాదని తలచి, మొదట రెండు సిలిండరుల ఇంజనులను పలువిధముల చేసి చూచిరి. అవి పరీక్షలకు నిలువలేదు. అప్పుడు ఫ్రాంజ్ రైమ్‌స్పీస్ అను ఆస్ట్రియా ఇంజనీరు నాలుగు సిలిండరుల బల్లపరుపు ఇంజనును గీసి యిచ్చెను. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటరులు, పిస్టను నడక 64 మిల్లీమీటరులు, మొత్తము పరిమాణము 985 ఘన సెంటీమీటరులు. ఇదియే మన వంశకర్త.

1936 శరత్కాలమున మూడు కారులను తలకు 50,000 కిలోమీటరులు నడిపి పరీక్షించిరి. 1937లో 30 కారులు చేసి, అన్నియు కలిపి 24 లక్షల కిలోమీటరులు నడిపిరి. విరిగినదానిని మార్చుచు, అరిగినదానిని దిద్దుచు, అమ్మకమునకు ముందే ఒక కారును ఇంత దూరము పరీక్షించుట ఆ కాలమున అపూర్వము.

ఖర్చు పుట: పొదుపు బిళ్లలు

ఇక రెండవ పుట. 1938 మే 26న ఫాలర్స్‌లెబెన్ అను ఊరి చెంత కార్ఖానాకు శంకుస్థాపన జరిగెను. దానిని కట్టించినది జర్మను కార్మిక దళము అను నాజీ సంస్థ. కార్మిక సంఘములను రద్దుచేసి లాగుకొనిన ఆస్తియే దాని మూలధనము. కారు వెల 990 మార్కులుగా ప్రకటించిరి. కొనదలచినవారు వారమునకు 5 మార్కుల చొప్పున పొదుపు బిళ్లలు కొని, పుస్తకమున అంటించవలెను. లెక్క చూడుడు: 990ని 5చే భాగించిన 198 వారములు, అనగా ఇంచుమించు నాలుగేండ్లు. ఆ సొమ్మునకు వడ్డీ లేదు. ఒప్పందమును మధ్యలో మానుకొను హక్కును లేదు.

సుమారు 3,36,000 మంది ఇట్లు బిళ్లలు అంటించిరి. యుద్ధము వచ్చెను. పొదుపు చేసినవారిలో ఒక్కనికైనను ఆ కారు చేరలేదు. యుద్ధకాలమున తయారైన 630 పౌర కారులును అధికారుల పాలయ్యెను. ఇంజను మాత్రము వృథా పోలేదు, సైన్యమున చేరెను. దానితో 50,000కు మించి క్యూబెల్‌వాగన్ అను సైనిక వాహనములును, 14,000కు మించి నీటిలోనీదు వాహనములును తయారయ్యెను. ఆఫ్రికా ఎడారియందును, రష్యా మంచునందును గాలిచల్లార్పు తన గుణమును నిరూపించెను. సైన్యము అధిక బలము కోరగా, 1943లో సిలిండరు వ్యాసమును 75 మిల్లీమీటరులు చేసి, పరిమాణమును 1,131 ఘన సెంటీమీటరులకు పెంచిరి.

ఆ వాహనములను చేసిన చేతులెవరివి? పోలండు, సోవియటు దేశము, ఫ్రాన్సు, ఇటలీ మున్నగు దేశముల నుండి బలవంతముగా కొనితెచ్చినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరముల నుండి తెచ్చిన బందీలు కలిసి సుమారు 20,000 మంది ఆ కార్ఖానాలో వెట్టిచాకిరి చేసిరి. పోలండు, సోవియటు స్త్రీలకు పుట్టిన బిడ్డలను తల్లుల నుండి వేరుచేసి, ర్యూయెన్ అను గ్రామమున సంస్థ నడిపిన శిశుగృహమున నుంచిరి. ఆదరణ లేక, ఆహారము లేక అచట 300కు పైగా పసికందులు మరణించిరి. ఈ నేరమునకు సంస్థ వైద్యుని బ్రిటిషు సైనిక న్యాయస్థానము విచారించి మరణదండన విధింపగా, 1947లో అది అమలు జరిగెను. ఇంజను నేర్పును పొగడువారు ఈ పంక్తిని దాటిపోరాదు.

పునర్జన్మము, వంశవృద్ధి

1945లో యుద్ధము ముగియునప్పటికి కార్ఖానా బాంబుల దెబ్బకు కూలియుండెను. దాని ఊరికి వోల్ఫ్స్‌బుర్గ్ అని క్రొత్త పేరు పెట్టిరి. ఆ ప్రాంతము బ్రిటిషువారి ఏలుబడిలోనికి వచ్చెను. యంత్రములను ఊడదీసి నష్టపరిహారముగా తరలింపవచ్చునను మాటయు నుండెను. 1945 ఆగస్టులో అచటికి వచ్చిన మేజరు ఐవన్ హర్స్ట్ ఒక పాతకారునకు సైనికపు రంగు వేయించి పై అధికారులకు చూపగా, వారు 20,000 కారులకు ఉత్తరువిచ్చిరి. ఆ ఉత్తరువే కార్ఖానాకు ప్రాణము పోసెను. 1948 జనవరిలో హైన్స్ నోర్డోఫ్ అను జర్మను దొర నిర్వహణభారము వహించెను. ఆయన విధానము చిత్రమైనది: కారు ఆకారమును మార్చలేదు, లోపలి భాగములను మాత్రము ఏటేట మెరుగుపరచెను.

ఆ మెరుగుదల వరుస ఇట్లున్నది. యుద్ధానంతరపు 1,131 ఘన సెంటీమీటరుల ఇంజనుకు 25 అశ్వశక్తి. 1953 డిసెంబరు నాటికి వ్యాసము 77 మిల్లీమీటరులై, పరిమాణము 1,192కును, శక్తి 30కిని పెరిగెను. 1960లో క్రాంకుకేసును క్రొత్తగ పోసి, అదే పరిమాణమున 34 అశ్వశక్తి రాబట్టిరి. 1965లో పిస్టను నడకను 64 నుండి 69 మిల్లీమీటరులకు పెంచగా, 1,285 ఘన సెంటీమీటరులు, 40 అశ్వశక్తి. 1966లో వ్యాసము 83 చేయగా 1,493 ఘన సెంటీమీటరులు, 44 అశ్వశక్తి. 1970లో వ్యాసము 85.5 చేయగా 1,584 ఘన సెంటీమీటరులు, 50 అశ్వశక్తి. మూడున్నర దశాబ్దులలో పరిమాణము ఒకటిన్నర రెట్లు దాటెను, శక్తి రెండింతలు దాటెను. ఐనను తాతను చూచినవాడు మనుమని గుర్తుపట్టగలడు. ఎముకల పొందిక అదియే.

శక్తి ఇంత తక్కువగా నుంచుటలోను నేర్పు కలదు. గాలి లోనికి వచ్చు మార్గమును ఇరుకుగా నుంచుటచే ఇంజను మితిమీరి తిరుగజాలదు. కావున దాని పరమవేగమే ప్రయాణవేగము. దినమెల్ల అట్లే నడిపినను అలసటలేదు. ఓర్పుగల ఎద్దు పరుగెత్తు గుర్రముకంటె ఎక్కువ దూరము పోవుట మనమెరిగినదే.

ఈ వంశపు కొమ్మలు పలుదిక్కుల పాకెను. 1948లో పోర్షె కుమారుడు ఫెరీ పేర వెలువడిన తొలి పోర్షె 356 పందెపుకారు ఈ ఇంజనుతోనే పుట్టెను. నీరు తోడు పంపులకు, విద్యుత్తు పుట్టించు యంత్రములకు దీనిని అమర్చిరి. ఒకరిద్దరు కూర్చుండు చిన్న విమానములకు గూడ దీనిని మలచుకొనిరి.

లోపమును దిద్దిన తీరు

ఏ యంత్రమును దోషరహితము కాదు. నూనె చల్లార్చు గూడు పంకా తొడుగులో నున్నదని పైని చెప్పితిని. పంకా నుండి వచ్చు గాలిలో కొంత ఆ గూటి గుండ పోవుటచే, దాని వెనుకనున్న 3వ సిలిండరునకు చల్లనిగాలి చాలకుండెను. నాలుగింటిలో అది యొక్కటే అధికముగా వేడెక్కి, దాని వాల్వు ముందుగ కాలుచుండెను. ఇంజను చిన్నదిగా నున్నంతకాలము ఈ లోపము అంతగా బయటపడలేదు. శక్తి పెంచినకొలది వేడి పెరిగి తప్పు పైకివచ్చెను. తుదకు 1970లో ఆ గూటిని తొడుగు నుండి వెలికితీసి, ప్రక్కన వేరు మార్గమున గాలి తగులునట్లు అమర్చిరి. ఒక్క గూటిని జరుపుటకు మూడు దశాబ్దులకు మించి పట్టినది. బరువు పెరిగినప్పుడే పునాదిలోని బీట కనబడునను సత్యము ఇంటికే కాదు, ఇంజనుకును వర్తించును.

1961లో వచ్చిన మూడవ తరగతి కారులో పంకాను క్రాంకుషాఫ్టు కొనకే తగిలించి, ఇంజను ఎత్తును బాగుగ తగ్గించిరి. దానిపైన సామాను పెట్టుకొనుటకు చోటు దొరకెను. 1967లో బాష్ సంస్థ చేసిన విద్యుత్పరికరముతో, కార్బ్యురేటరు లేకయే పెట్రోలును కొలిచి చల్లు పద్ధతిని ఈ ఇంజనుకు అమర్చిరి. అధిక సంఖ్యలో తయారగు కారులకు అట్టి పద్ధతి ప్రవేశించుట అదియే తొలిసారి. 1968లో నాలుగవ తరగతి కారునకు 1,679 ఘన సెంటీమీటరుల పెద్ద ఇంజను చేసిరి. 1982లో వ్యానుల కొరకు సిలిండరుల చుట్టు నీరు పారించి, గాలివంశమును నీటివంశముగా మార్చిరి. ఆ శాఖయు 1992 ప్రాంతమున ముగిసెను.

ముగియుటకు కారణములు స్పష్టములు. పొగను గూర్చిన చట్టములు కఠినములయ్యెను. పెట్రోలు వెల పెరిగెను. గాలితో చల్లారు ఇంజను వేడి నిలుకడగా నుండదు గావున, పొగను అదుపుచేయుట కష్టము. రెక్కల నుండి వెలువడు రొదయు ఎక్కువ. 1974లో అదే సంస్థ నీటితో చల్లారు ఇంజనును ముందుభాగమున నుంచి గోల్ఫ్ అను కారును తెచ్చెను. ఐనను పాతకారు వెంటనే పోలేదు. 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ కారు వెలువడి, అమెరికా దేశపు ఫోర్డు టి కారు సంఖ్యను మించెను. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో కడపటి కారు తయారగునప్పటికి మొత్తము 2,15,29,464 అయ్యెను. బ్రెజిలులో వ్యానులకు గాలిచల్లార్పు ఇంజను 2005 డిసెంబరు వరకు సాగెను. బల్లపరుపు పొందిక మాత్రము అంతరింపలేదు. జపానులోని సుబారు సంస్థ 1966 నుండి తన స్వంత వంశమును నడుపుచునేయున్నది.

నిలువ తేల్చుట

మన పురాణములలో పుష్పకవిమానపు కథ కలదు. అది కుబేరుని సొత్తు. రావణుడు అన్నను జయించి దానిని అపహరించెను. రావణవధ పిదప శ్రీరాముడు దానిపై అయోధ్య చేరెను. చాలమంది కథను అంతటితో ఆపుదురు. కాని దానికి తరువాతి మాటయే ముఖ్యమైనది: రాముడు దిగినవెంటనే ఆ విమానమును కుబేరుని యొద్దకు మరలిపొమ్మని పంపెను. విమానము చెడ్డచేతి నుండి మంచిచేతికి వచ్చుట ఒక్కటే ధర్మము కాదు; ఎవరిది వారికి చేర్చుట ధర్మము.

ఈ కొలతతో చూచినచో ఈ ఇంజను లెక్క ఎట్లున్నది? పొదుపు బిళ్లలు అంటించినవారు యుద్ధానంతరము న్యాయస్థానమున కెక్కిరి. 1961లో రాజీ కుదిరెను: పూర్తి సొమ్ము చెల్లించినవానికి క్రొత్తకారు వెలలో 600 మార్కుల వరకు తగ్గింపు, కారు వలదన్నచో 100 మార్కుల రొక్కము. టాట్రా వారి హక్కులను గూర్చిన వివాదమునకు 1960వ దశకమున సొమ్ము చెల్లించి పరిష్కరించుకొనిరి. వెట్టిచాకిరి చేసినవారి పద్దు మాత్రము అన్నిటికంటె ఆలస్యముగా తెరువబడెను. 1980వ దశకమున సంస్థయే హాన్స్ మోమ్‌సెన్ అను చరిత్రకారునికి తన పాతకాగితములను తెరచి, పరిశోధింపుమని కోరెను. ఆ గ్రంథము 1996లో వెలువడెను. 1998లో బ్రతికియున్న బాధితులకై సహాయనిధి నేర్పరచిరి. 1999లో, యుద్ధకాలమున తలదాచుకొనుటకు కట్టిన కార్ఖానా నేలమాళిగలో వారి స్మృతిస్థానమును నెలకొల్పిరి. అప్పటికి పనిచేసిన వారిలో అనేకులు గతించిరి. ర్యూయెన్‌లో పోయిన పసివారికి ఏ నిధియు అందదు. కావున ఈ లెక్క పూర్తిగా తీరినదని నేను వ్రాయజాలను. తెరువబడినదని మాత్రము వ్రాయగలను.

ఐనను ఆ తెరచుట చిన్నపని కాదు. తన లాభపు పుట నిండుగా నున్నప్పుడు, ఎవరును అడుగువారు తగ్గిపోయిన నాడు, పాతబాకీని చిట్టాలోనికి తెచ్చుటకు ధైర్యము కావలెను. ఆ పనికి సాధనమైనది చెదలకు చిక్కక మిగిలిన కాగితము. కూలీల పట్టీలు, ఆసుపత్రి పుస్తకములు, ఉత్తరువుల ప్రతులు నిలిచియుండుటచేతనే ఇరువది వేల మంది కష్టము చరిత్రకెక్కినది. కాగితము దాచినవాడే న్యాయమునకు తొలి సాక్షి.

గ్రంథాలయము చేయు పనియు ఇదియే. మన బీరువాలలో యంత్రశాస్త్ర గ్రంథములును కలవు, యుద్ధచరిత్రలును కలవు. ఒక అరలోని పుస్తకము ఇంజను పనితనమును చెప్పును, వేరొక అరలోనిది దాని వెల చెప్పును. రెండు అరలనుండియు తీసి చదువు పాఠకుడున్ననాళ్లు ఏ ఖర్చుపుటయు మడతపడి యుండదు. మన గ్రంథాలయము అట్టి పాఠకులను పెంచుచు, స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక!